గీత దాటిన గీత

"ఈ శతాబ్దానికి అసలైన బుర్ర ఒక్కటే. అది నా మెడ మీద ఉంది" అని ప్రకటించాడు మేం డేగకన్ను అని పిలిచే మా స్నేహితుడు, కళ్లజోడు కోసం నా బల్లంతా తడుముతూ. జోడు ఆ బుర్ర మీదే ఉంది.

వాడు పగలు గుండీల కొట్టు నడుపుతాడు, తీరిక చిక్కితే నేరపరిశోధన చేస్తాడు. వాడు పట్టుకున్న దొంగలు లేరు గాని, వాణ్ణి పట్టుకున్న జలుబులు మాత్రం కోకొల్లలు.

అప్పుడే మా మరదలు ఫోన్ చేసింది. ఆమె ఖగోళ పరిశోధకురాలు.

"బావా, నేను భోజనానికి రాలేను. గీత కనబడటం లేదు. ఐదింటిలోగా దొరక్కపోతే నా మూడేళ్ల కష్టం గంగపాలే" అని పెట్టేసింది.

నేను విషయం చెప్పేలోగా డేగకన్ను టోపీ పెట్టేసుకున్నాడు. దారి పొడవునా అపహరణల గురించి ఉపన్యసించాడు.

మరదలు కంప్యూటర్‌కి అతుక్కుపోయి ఉంది. వచ్చిందెవరో కూడా చూడకుండా గోడు వెళ్లబోసుకుంది. ఒక గెలాక్సీ నడుమ పెద్ద కృష్ణబిలం కూర్చుని దొరికిందల్లా మింగుతోందట. మింగలేనిది గాలిలా బయటికి ఊదేస్తోందట. ఆ గాలిలోని ఇనుము కొంత ఎక్స్‌రే కాంతిని కాజేస్తుంది గనక గ్రాఫులో అక్కడొక నల్ల గీత పడాలి. గీత లేకపోతే గాలీ లేదు. అలాంటప్పుడు పత్రికకి పంపిన వ్యాసంలోంచి ఆ మాట తీసెయ్యమని పరీక్షకుడు ఐదింటి దాకా గడువిచ్చాడు.

డేగకన్ను చెవిలోకి దూరింది కాజేయడం ఒక్కటే. పుస్తకం తెరిచాడు.

"గీత పూర్తి పేరు?"

"ఇనుము గీత, అన్నయ్యా."

'ఇంటిపేరు ఇనుము' అని రాసుకున్నాడు.

"ఒంటి మీద ఏమున్నాయి?"

"ఏముంటాయి, ఆ వేడికి ఎలక్ట్రాన్లు దాదాపు అన్నీ ఒలిచేసి ఉంటే."

'నగలు కూడా పోయాయి.'

"ఉండాల్సింది ఎక్కడ?"

"ఏడు దగ్గర. గాలి మన వైపు వస్తోంది కాబట్టి నీలం వైపు, అంటే గ్రాఫులో పెద్ద అంకెల వైపు, జరిగి ఉంటుంది."

'ఏడో నంబరు ఇల్లు' అని రాసి, 'నీలం' కింద రెండు గీతలు గీశాడు. వాడే ప్రియుడని నా చెవిలో ఊదాడు. వేగం ఎంతని అడిగితే సెకనుకి వేల కిలోమీటర్లంది మరదలు. కాసేపు ఆలోచించి, 'సొంత బండి ఉంది' అని రాసుకున్నాడు.

తర్వాత భూతద్దం తీసి తెర మీదికి వంగాడు. బరువు మోచేతి మీద పడింది, మోచెయ్యి మీటల మీద పడింది. ఎనిమిదీ, ఎంటరూ ఒకేసారి నొక్కుకుపోయాయి. గ్రాఫు చివర ఎనిమిది ఉన్నచోట ఎనభై ఎనిమిది అయింది. బొమ్మంతా సాగిపోయింది.

"ఎవరూ కదలొద్దు" అంది మరదలు.

ఆ మాట అనడానికి ఇరవై ఏళ్లుగా అద్దం ముందు సాధన చేస్తున్న డేగకన్ను రెండు చేతులూ పైకెత్తాడు.

తొమ్మిది దగ్గర గీత ఉంది. నల్లగా, లోతుగా, నిక్షేపంగా ఉంది. ఎనిమిది దాటితే అంతా చెత్తే, కత్తిరించెయ్యమని ఆమె గైడు మొదటిరోజే చెప్పాడట. మూడేళ్లూ అక్కడికే కత్తిరించి, లోపలే వెతికింది. ఆ గాలి కాంతిలో పావువంతు వేగంతో దూసుకొస్తుంటే గీత హద్దు గీత దాటిపోయింది. మరదలు రెండో పరికరం లెక్కలు తెరిచింది. అందులోనూ తొమ్మిది దగ్గరే ఉంది.

"దొరికింది" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"ఎక్కడ?"

"తొమ్మిదిలో."

"రెండిళ్ల అవతలే దాక్కుందన్నమాట" అన్నాడు వాడు, కొంచెం నిరాశగా.

ఐదుకి పది నిమిషాలుండగా జవాబు వెళ్లింది. వారానికి పరీక్షకుడు గీతను ఒప్పుకున్నాడు. కాకపోతే, ఎనిమిది దాటి వెతకాలని ఎలా తోచిందో కూడా వ్యాసంలో రాయమన్నాడు. మరదలు పెన్ను కొరుకుతూ చాలాసేపు కూర్చుని, చివరికి ఒక్క వాక్యం రాసింది.

"అనుభవజ్ఞుడైన ఒక పరిశోధకుడి ఒత్తిడి మేరకు."

అచ్చయ్యే ముందు ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చదివి చూశాను. ఎక్కడా ఒక్క అబద్ధం దొరకలేదు.