నాలుక యోగ్యతా పత్రం

మనిషికి నోరు ఉందన్న సంగతి ప్రభుత్వం కాస్త ఆలస్యంగా గమనించింది. గమనించిన వెంటనే, ఏ మంచి ప్రభుత్వమైనా చేసే పనే చేసింది. దానికొక శాఖ పెట్టింది.

ధ్వని యోగ్యతా శాఖ అని పేరు. జనం వాడుకలో నాలుకల ఆఫీసు. ఏ అక్షరాన్ని నోట్లో ఎక్కడ పుట్టించాలో పౌరులు అక్కడే పుట్టిస్తున్నారా, లేక తోచిన చోట పుట్టించి కాలక్షేపం చేస్తున్నారా అని తేల్చడం దాని పని. ఖ అనాల్సిన చోట క అనేసి, పైగా ఏమీ జరగనట్టు జీవిస్తున్నవాళ్ళు ఎక్కువైపోయారని (అంటే అందరూ అని) మొదటి నివేదిక తేల్చింది. రెండో నివేదికను సభలో చదివి వినిపించడానికి అర్హుడు దొరక్క అది అక్కడే ఆగింది.

మధ్యతరగతి వాళ్ళు మాత్రం ఈ శాఖను బంగారంలా పట్టుకున్నారు. ఇంటి ముందు బోర్డు మీద పేరు, దాని కింద డిగ్రీ, దాని కింద "ష: ప్రథమ శ్రేణి" అని రాయించుకున్నారు. పెళ్ళి ప్రకటనల్లో రంగు, ఎత్తుల తర్వాత ళకారం చేరింది. ఎదురింటి పిల్లకి పాలపళ్ళు ఊడకముందే విసర్గ వచ్చేసిందని తెలిసి పక్కింటి తల్లి ఓ పూట అన్నం మానేసింది.

ఇదేదీ పట్టని మనిషి ఒకాయన ఉన్నాడు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది రాదో చెప్పడం ఆయన ఉద్యోగం. అందరూ మైకు బాబాయి అంటారు. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు ఆయనకి జుట్టూ లేదు, కుర్చీకి చేతులూ లేవు. ఆయన మాట మైకులోంచి బయటికొచ్చేసరికి రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు ఉండేది. ప్రయాణికులు ఆ మాట విని పరిగెత్తేవారు కాదు. పక్కవాడు పరిగెత్తడం చూసి పరిగెత్తేవారు. పక్కవాడు ఎవర్ని చూసి పరిగెత్తాడన్నది ఎవరూ అడగలేదు.

ఒకరోజు డిపో మేనేజరు ఆయన్ని పిలిచి ఒక కాగితం చూపించాడు.

"జనంతో మాట్లాడే ఉద్యోగులందరూ నెలాఖరులోగా నాలుకల ఆఫీసు నుంచి పత్రం తేవాలట. తేకపోతే మీ కుర్చీలో డబ్బా పెట్టమన్నారు."

"డబ్బా ఏంటి సార్?"

"గొంతు రికార్డు చేసిన డబ్బా. టీ అడగదు, సెలవు అడగదు."

"కుర్చీకి చేతులు వేయించమని కూడా అడగదేమో సార్."

"అందుకే నాకూ నచ్చింది."

బాబాయి ఇంటికొచ్చి విషయం చెప్పగానే ఆయన భార్య చేస్తున్న పని ఆపి, ఆయన్ని ఎగాదిగా చూసింది. ఉద్యోగం పోవడం అంటే జీతం పోవడమని అందరూ అనుకుంటారు. అసలు ఆపద అది కాదని, మొగుడు పొద్దస్తమానం ఇంట్లోనే ఉండటమని ఆవిడకి అర్థమైపోయింది.

"మీరు ఇంట్లో కూర్చుంటారా? వంటింట్లోకి కూర వస్తోంది, హాల్లోంచి చీపురు బయల్దేరింది అని చెప్పుకుంటూ? ఊహించుకుంటేనే నీరసం వస్తోంది నాకు. ఉండండి, తమ్ముణ్ణి పిలుస్తా."

తమ్ముడు రానే వచ్చాడు. బాబాయికి బావమరిది. దేశంలో ఏ పరీక్ష పెట్టినా ఆ వారంలోనే దానికి కోచింగ్ పెట్టగల సమర్థుడు. వెనకటికి నీళ్ళు లేకుండా ఈత నేర్పాడు. (పూర్వ విద్యార్థులు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు, నీళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళరు.) ఇప్పుడు అదే గదిలో నాలుకలు సరిచేస్తున్నాడు.

బావని కూర్చోబెట్టి, మూతికి ఎదురుగా కొవ్వొత్తి వెలిగించాడు.

"చూడు బావా. ప అంటే దీపం కదలకూడదు. ఫ అంటే ఆరాలి. అంతే తేడా. కొంతమంది దీన్ని పెద్ద శాస్త్రం అంటారు."

బాబాయి ప అన్నాడు. దీపం ఆరిపోయింది. ఫ అన్నాడు. ఆరిన దీపం మళ్ళీ ఆరలేదు.

"రెండూ తప్పే," అన్నాడు బావమరిది.

"రెండోదానికి దీపమే లేదు కదరా?"

"పరీక్షలో ఇలాంటివి వాదిస్తే మార్కులు తగ్గిస్తారు బావా."

"ఒరేయ్," అంది అక్క వంటింట్లోంచి, "అగ్గిపెట్టెలన్నీ మీ ఫకారానికే అయిపోతున్నాయి. పొయ్యికి ఒక్క పుల్లన్నా మిగల్చండి."

తర్వాత పాఠం భ. పొట్ట అడుగు నుంచి గాలి తోడుకొచ్చి పలకాలన్నాడు బావమరిది. ఉదాహరణకి భార్య అనమన్నాడు. మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చిన ఇల్లాలి ఎదుట బాబాయి పొట్ట అడుగు నుంచి భార్య అన్నాడు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోన్లే, పెళ్ళయిన ఇన్నాళ్ళకి అంత గట్టిగా ఒప్పుకున్నారు," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇలా కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, ఇంట్లోవాళ్ళ సహనం తరిగాక బాబాయి నాలుకల ఆఫీసుకి బయల్దేరాడు.

ఆ భవనం గురించి కొంచెం చెప్పాలి. దాన్ని అచ్చం నోరు ఉన్నట్టే కట్టారు. వీధివైపు గేటు పెదవులు. అక్కడ ప, బల కౌంటరు. దాని వెనక పళ్ళు, అక్కడ త, దలు. ఆ వెనక అంగిలి. అన్నిటికంటే వెనక, ఎలుకలు కూడా తోడు తీసుకుని వెళ్ళే చీకటి చివర, కంఠం. అక్కడ క, ఖలు. మాట ఎప్పుడూ లోపలి నుంచి బయటికే వస్తుంది, లోపలికి పోయే గాలితో పుట్టదు. కనుక గేటు గుండా లోపలికి వెళ్ళడం నిషిద్ధం. దరఖాస్తుదారులు సందులోకి తిరిగి, స్కూటర్ల మధ్య నుంచి వెనక గోడ చేరి, కంఠంలోకి దిగి, అక్కడి నుంచి ఒక్కో కౌంటరే దాటుకుంటూ పెదవుల దగ్గర ఊడిపడాలి.

ముక్కు నోటికి పైన ఉంటుంది గనక అనునాసికాలు మేడ మీద. ఙ, ఞలకి కూడా చెరొక గుమస్తా ఉన్నాడు. వాళ్ళ దగ్గరికి ఎవరైనా వచ్చిన దాఖలా లేదు. పని ఒత్తిడిని తట్టుకున్నందుకు పోయినేడు ఇద్దరికీ పదోన్నతి వచ్చింది. ణ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. కింద నోట్లో నాలుక మడత పడాలి, పైన ముక్కులోంచి గాలి పోవాలి. అది కింది అంతస్తు ఆస్తా, పై అంతస్తు ఆస్తా? చాలాకాలం చర్చించి ణకారపు గుమస్తాని మెట్ల మీద కూర్చోబెట్టారు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆయన్ని తొక్కుతూనే ఉంటారు.

కంఠం దగ్గర ఖకి పరీక్ష తేలిక. గుమస్తా మీ నోటి ముందు ఒక సన్నటి కాగితం ముక్క వేలాడదీస్తాడు. ఖ అన్నప్పుడు వచ్చే గాలికి అది కదలాలి. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. బాబాయి ముందున్నవాళ్ళందరూ ఉత్తీర్ణులయ్యారు. ఒకాయన దగ్గాడు, ఉత్తీర్ణుడు. ఇంకొకాయన వంతు వచ్చిందని గమనించక గోడ కేసి చూస్తూ నిలబడ్డాడు, ఆయనకి విశిష్ట శ్రేణి ఇచ్చారు.

బాబాయి వంతు వచ్చింది. కరెంటు పోయింది.

"ఖ," అన్నాడు బాబాయి.

"గాలి రాలేదు," అన్నాడు గుమస్తా.

"ఫ్యాను ఆగిపోయింది కదండీ."

"ఫ్యానుతో మాకేం సంబంధం? అది విద్యుత్ శాఖ. మీ గాలి సంగతి చెప్పండి."

"ఇందాకటి వాళ్ళందరికీ ఫ్యాను గాలికే కదండీ కదిలింది?"

"వాళ్ళ అదృష్టం గురించి మీకెందుకండీ? మీరు అనండి."

బాబాయి అన్నాడు. మళ్ళీ అన్నాడు. పొట్ట అడుగున ఉన్నదంతా తోడి అన్నాడు. కాగితం ఉలకలేదు, పలకలేదు. గుమస్తా గడియారం చూసి, వచ్చే నెల రమ్మన్నాడు. వచ్చే నెలకి ఆ కుర్చీలో డబ్బా ఉంటుంది. తన చేతుల్లేని కుర్చీ, దానిలో టీ అడగని డబ్బా, ఇంట్లో చీపురు పట్టుకుని తనవైపే చూస్తున్న భార్య, అన్నీ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి. బాబాయి నిట్టూర్చాడు.

కాగితం ఎగిరి గుమస్తా కళ్ళజోడుకి అతుక్కుంది.

"అదీ," అన్నాడు గుమస్తా, కాగితం తీసుకుని ముద్ర వేస్తూ. "ఇప్పుడు మనసుపెట్టి పలికారు."

(ఆఫీసుల్లో సామాన్యుడు ఏ కోచింగూ లేకుండా పలకగలిగిన ఒకే ఒక్క మహాప్రాణం నిట్టూర్పు అని శాఖ అంతర్గత పరిశోధన ఒకటి ఉందట.)

అంగిలి దగ్గర ట, డలు చూసే అధికారిణి చేతిలో టార్చి ఉంది.

"నోరు తెరిచి ట అనండి. ఊఁ. నాలుక పళ్ళకి తగులుతోంది. వెనక్కి మడవండి."

"ట."

"ఇంకా."

"ఇంకా మడిస్తే మింగేస్తానమ్మా."

"మింగేసినవాళ్ళకి వేరే కౌంటరుంది, భయపడకండి. ఇచ్చిన మాట ఎప్పుడైనా తప్పారా?"

"లేదమ్మా."

"అదీ సంగతి. నాలుకకి మడత అలవాటు లేదు మీకు." జాలిపడి, కనీస మార్కులతో పంపించింది.

పళ్ళ దగ్గరికి వచ్చేసరికి భోజన విరామం మొదలైంది. గేటు మూసేశారు, మేడ మీది కిటికీలు మాత్రం తెరిచి ఉంచారు. పెదవులు మూసి ముక్కు తెరిస్తే వచ్చే ధ్వని మకారం. కాబట్టి ఆ సమయంలో ఆఫీసు మొత్తం మకారం పలుకుతున్నట్టు లెక్క. నిజంగానే ఎవరిని ఏమడిగినా "మ్" అన్నారు.

గేటు తెరిచాక పెదవుల కౌంటరాయన పత్రం చేతికిచ్చి, అడుగున ఉన్న సన్న అక్షరాలు చదవమన్నాడు. ఈ పత్రం పొందిన వ్యక్తి ఇకపై ఉద్యోగ సమయంలో ఏ అక్షరాన్నైనా నమిలినా, మింగినా, పక్క అక్షరంతో కలిపేసినా శిక్షార్హుడు.

బాబాయి మర్నాడు పొద్దున్నే మైకు ముందు కూర్చున్నాడు. రోజూలాగే డిపో నుంచి చీటీ వచ్చింది. ఎలాగూ ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో ఆ చీటీల్లో ఎప్పుడూ నిజమే రాసేవారు. బాబాయి గొంతు సవరించుకుని, ప్రతి అక్షరాన్నీ దాని చోట నిలబెట్టి చదివాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఎనిమిదిన్నర బస్సు ఈ రోజు కూడా రాదు. దానికి డ్రైవరు ఉన్నాడు, బస్సు లేదు. తొమ్మిదింటి బస్సు కూడా రాదు. అక్కడ బస్సు ఉంది, డ్రైవరు లేడు. ఇద్దరినీ ఒకచోట చేర్చే ఆలోచన ప్రస్తుతానికి లేదు."

పరిగెత్తబోయిన వాళ్ళు ఒంటికాలి మీద ఆగిపోయారు. సంచి ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలావిడ లేచి మైకు గది కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏం నాయనా, ఇన్నాళ్ళూ నువ్వు చెబుతున్నది ఇదేనా?"

"ఇదేనమ్మా."

"నా చెవులు పోయాయనుకుని పూటపూటా చుక్కలు వేసుకుంటున్నానే."

ఆవిడ వెనకాల ఒకరు, వాళ్ళ వెనకాల ఇంకొకరు, బస్టాండంతా మేనేజరు గదిలోకి నడిచింది. అంత క్రమశిక్షణతో వాళ్ళు ఏనాడూ బస్సు ఎక్కలేదు. మధ్యాహ్నానికి వాళ్ళు వెళ్ళిపోయాక, చెమట తుడుచుకుంటూ మేనేజరు బాబాయిని పిలిపించాడు.

"ఏంటండీ ఇది? ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేదు. పత్రం తెమ్మంటే ఇలా చేస్తారా?"

"చీటీలో ఉన్నదే చదివాను సార్."

"చదవండి, కాదన్నానా? అర్థమయ్యేలా చదవమని ఎవరన్నారు?"

"మరి నా కుర్చీ సంగతి?"

"మీ కుర్చీ ఎక్కడికీ పోదు. ఆ డబ్బా మీకంటే స్పష్టంగా మాట్లాడుతుందట. అది అసలు ఈ ఛాయలకే రాకూడదని పైకి రాసేశాను. మీరు మళ్ళీ ఎప్పటిలా మాట్లాడండి, చాలు."

బాబాయి పత్రం తీసి సన్న అక్షరాలు చూపించాడు. మేనేజరు చదివి తల పట్టుకున్నాడు. బాబాయి పాతగొంతుతో మాట్లాడితే జైలు, కొత్తగొంతుతో మాట్లాడితే జనం. గత్యంతరం లేక సలహా కోరుతూ నాలుకల ఆఫీసుకి లేఖ రాశాడు. ఆశ్చర్యంగా జవాబు వెంటనే వచ్చింది. (ఙకారపు గుమస్తా ఖాళీగా ఉన్నాడు.) మాట నోట్లో సక్రమంగా పుట్టిందా లేదా అన్నంత వరకే తమ బాధ్యత అని, పుట్టిన మాట ఎవరి చెవికైనా చేరిందా అన్నది ఈ శాఖ పరిధిలోకి రాదని అందులో ఉంది.

మేనేజరు ఆ జవాబు రెండుసార్లు చదివి, డిపో ఎలక్ట్రీషియన్‌కి కబురు పెట్టాడు.

ఇప్పుడు మైకు బాబాయి రోజూ ఏ బస్సు రాదో, ఎందుకు రాదో, ఎవరి మూలంగా రాదో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా కుండబద్దలు కొట్టినట్టు చెబుతున్నాడు. మైకు స్విచ్చు మేనేజరు గదిలో ఉంటుంది.