కోతపండుగలో కటింగు ప్లేయరు

ఆదివారం ఆరాధన ముగియగానే, ఇంటికి కూడా రాకుండా, అటునుంచి అటే ఉప్పుటేటికి పోవాలని పరంజ్యోతి నిద్ర లేస్తూనే నిశ్చయించుకున్నాడు. మధ్యాహ్నం పోటు మీద పండుకప్ప చేపలు ఏట్లోకి ఎక్కుతాయని పట్టపుపాలెం కామాక్షయ్య ముందురోజే చెప్పాడు. గాలం కర్ర సిద్ధం. ఎరకు రొయ్యలు ఐసు డబ్బాలో సిద్ధం. స్నానం చేసి వచ్చి, బీరువా మీద పెట్టిన కొత్త కటింగు ప్లేయరును సంచిలో వేసుకోవడమే మిగిలింది. చెయ్యి చాచి తడిమితే దుమ్ము తగిలింది గాని ప్లేయరు తగల్లేదు.

పరంజ్యోతి ఆర్టీసీలో కండక్టరు. కోట ఊళ్ళో సొంత ఇల్లు, సంఘంలో పెద్దరికం, వారానికొక సెలవు, ఆ సెలవు నాడు గాలం. అంతకు మించి అతనికి వ్యసనాలు లేవు. పోయిన వేసవిలో జెల్ల నోట్లోంచి కొక్కెం లాగబోతే అది చేపను వదిలి అతని బొటనవేలిని పట్టుకుంది. ఆసుపత్రిలో నర్సు కొక్కెం ఊడదీసి, "చేప యాడ?" అని అడిగింది. అప్పటినుంచీ కొక్కేలు తీసే ప్లేయరు ఒకటి కొనాలని అతని మనసులో ఉంది.

పోయిన వారం నెల్లూరు పోతే, దుకాణదారు రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. "ఇది నూట ఎనభై. ఉప్పునీళ్ళు తగిల్తే రెండు నెలలకు బిగుసుకుపోతాది. ఇది రెండువేల నాలుగొందలు. మీ తర్వాత కూడా ఉంటాది," అన్నాడు. పరంజ్యోతి చవకదాన్ని తెరిచి మూశాడు, కిర్రుమంది. ఖరీదైనదాన్ని తెరిచి మూశాడు, చప్పుడే లేదు. అలా చాలాసేపు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు. తను పుట్టి బుద్ధెరిగాక కొన్న చెప్పులు, గొడుగులు, గడియారాలు అన్నీ చవకవే. ఒక్కటైనా నాలుగు కాలాలు చేతిలో నిలవలేదు. ఈ వయసులో ఒక్క మంచి వస్తువు తనదని పట్టుకోవాలనిపించడం తప్పా అని తనను తానే అడిగి, జవాబు రాకముందే డబ్బు కట్టేశాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య అబిగయీలు చట్నీ చేస్తోంది. మిక్సీ జారు మూత పగిలి ఆరు నెలలైంది. ఆమె ఆ జారు మీద స్టీలు గిన్నె బోర్లించి, ఒక చేత్తో అదిమిపట్టి మిక్సీ తిప్పుతోంది. "ఎంతయింది?" అని అడిగింది. గిన్నె మీద ఆ చెయ్యి చూశాక పరంజ్యోతి నోట రెండువేల నాలుగొందలు అనే మాట ఎంతకీ రాలేదు. "నూట ఎనభై," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెతో ఆడిన మొదటి అబద్ధం కాబట్టి అది చాలా సులువుగా వచ్చింది.

ఆ ఆదివారం అబిగయీలు ముందే గుడికి వెళ్ళిపోయింది. ప్లేయరు ఎక్కడికి పోయిందో తనూ వెళ్ళాక తెలిసింది. ఆరోజు కోతపండుగ. పంటలోనూ పాడిలోనూ మొదటిది దేవుడికి తేవడం, ఆరాధన తర్వాత దాన్ని ఆవరణలో వేలం వెయ్యడం ఆ సంఘంలో ఆనవాయితీ. అబిగయీలు ఏటా ఒక కోడిపెట్టను ఇచ్చేది. ఈసారి పెట్ట పొదుగుడు కూర్చుంది. కానుకల బల్ల మీద రెండు గుమ్మడికాయల మధ్య, డబ్బాతో సహా, పరంజ్యోతి ప్లేయరు ఉంది.

"మీరు స్నానానికి పోయుంటిరి, అడగలేకపోతిని," అంది అబిగయీలు. "చేతులూపుకుంటా ఎట్టా వచ్చేది? నూట ఎనభైదే గదా, రేపు ఇంకోటి తెచ్చుకుందురు. వాడని వస్తువు, దేవుడికి పనికొస్తాది."

అప్పుడే నిజం చెప్పి ఉంటే అంతటితో పోయేది. కాని పక్కనే స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఫ్లోరా నిలబడి ఉంది. ఆవిడ చెవిన పడ్డ మాట సాయంత్రానికి గూడూరు చేరుతుంది. పరంజ్యోతి తేలు కుట్టిన దొంగలా మగవాళ్ళ వైపు పోయి కూర్చున్నాడు. ఆరోజు ప్రసంగం ఏమిటని అడిగితే అతను చెప్పలేడు.

వేలం పాడించేది సంఘం కార్యదర్శి తిమోతి. పాటకు మతభేదం లేదు. కోళ్ళు చవకగా దొరుకుతాయని ఊరంతా వస్తుంది. కామాక్షయ్య కూడా ఒక పుంజును కొందామని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. పొట్టేలు, గుమ్మడికాయలు, అరటిగెల అయ్యాక తిమోతి ప్లేయరును పైకెత్తాడు.

"సహోదరి అబిగయీలు గారి కానుక. సర్కారు పాట యాభై రూపాయలు."

ఎవరో కిసుక్కుమన్నారు. "దేవుడికి కరెంటు పని పడిందా ఏంది?" అని వెనకనుంచి ఒక గొంతు. ఆడవాళ్ళ వైపు కూడా నవ్వు పాకింది. అబిగయీలు తల వంచుకుని కొంగు సర్దుకుంది. పరంజ్యోతి అది చూశాడు, కాని నిజం చెప్పాలంటే అతని చూపంతా తిమోతి చేతిలోని డబ్బా మీదే ఉంది.

"రెండొందలు," అన్నాడు.

రొయ్యల గుంటల బెన్హర్ వెనక్కి తిరిగి చూశాడు. గుంట చుట్టూ కంచె తీగ బిగించడానికి అతనికి ప్లేయరు కావాలి. "రెండు యాభై," అన్నాడు. గేటు దగ్గర కామాక్షయ్య ఆలోచనలో పడ్డాడు. బస్సులో చిల్లర దగ్గర ఎవరినీ వదలని మనిషి కటింగు ప్లేయరుకు రెండొందలతో మొదలుపెట్టాడంటే దాంట్లో ఏదో మర్మం ఉండాలి. "నాలుగొందలు," అన్నాడు. కామాక్షయ్య పాడాడంటే అది సముద్రానికి సంబంధించిన వస్తువే అయ్యుంటుందని బెన్హర్ ఐదొందలన్నాడు. అలా ఒకరిని చూసి ఒకరు, ఆ వస్తువు ఏమిటో తెలియకుండానే, పెంచుకుంటూ పోయారు. తెలిసినవాడు మాత్రం చెప్పలేక పాడాడు. చివరికి పరంజ్యోతి పదిహేను వందలకు పాట కొట్టాడు. ఆవరణంతా చప్పట్లు.

ప్లేయరు అందుకోవడానికి అతను రెండడుగులు వేశాడో లేదో, ఆడవాళ్ళ వైపునుంచి అబిగయీలు లేచి వచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"తిమోతీ, దాన్ని మళ్ళీ పాటకు పెట్టు," అంది. "మా ఆయన నా కానుక పరువు నిలబెట్టినాడు. అది చాలు నాకు. వస్తువు దేవుడికే ఇచ్చేస్తాం."

అదీ ఆ పండుగలో ఉన్నదే. పాడుకున్న వస్తువును తిరిగి కానుకగా ఇచ్చి మళ్ళీ పాడించడం అన్నిటికంటే గొప్ప దానం. పాస్టరు అయ్యగారు లేచి ఆ దంపతుల కోసం చిన్న ప్రార్థన చేశారు. పరంజ్యోతి కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన కోసమనే అందరూ అనుకున్నారు.

రెండో పాట చప్పగా సాగింది. గేటు దగ్గర కామాక్షయ్య పక్కవాడితో, "పెళ్ళాం మీద ప్రేమతో పాడినాడబ్బా, ప్లేయరులో ఏం లేదు," అని తేల్చి పుంజుల వైపు తిరిగాడు. బెన్హర్ నూట యాభై అన్నాడు. ఇంకెవరూ నోరు మెదపలేదు. పరంజ్యోతి మళ్ళీ పాడే వీల్లేదు. ఇచ్చేసిన కానుకకు తనే ఎగబడితే బాగుండదు. అటు ఆడవాళ్ళలో ఫ్లోరా ముక్కు చీదుతూ, "మా ఇంటాయన నా పేరు మీద ఒక్క నిమ్మకాయ కూడా పాడలేదు, అబిగయీలూ," అంటోంది.

అబిగయీలు మాత్రం ఊరికే అతని వైపు చూసింది. ఆ ముఖంలో అంత వెలుగును పరంజ్యోతి పెళ్ళినాడు కూడా చూడలేదు. నోరు మూసుకుంటే ప్లేయరు పోతుంది, ఆ వెలుగు ఉంటుంది. మంచి బేరమే. కాని ఆ వెలుగు తనది కాదు. భార్య తల వంచుకుందని చూసి జేబులో చెయ్యి పెట్టే మనిషెవరో ఉంటే అతనిది. ఆమె ఇకమీదట రోజూ ఆ మనిషికి అన్నం పెడుతుంది. అన్నం తినేది మాత్రం తను.

"ఒకటోసారి. రెండోసారి," అన్నాడు తిమోతి.

"ఆగు తిమోతీ." పరంజ్యోతి లేచి నిలబడ్డాడు. "అది నూట ఎనభైది కాదు, రెండువేల నాలుగొందలది. అబిగయీలుకు నేను అబద్ధం చెప్పినా. ఇందాక పాడింది కూడా ఆమె పరువు కోసం కాదు. నా ప్లేయరు పోతాదని పాడినా."

వెనకనుంచి ఒక ముసలాయన, సాక్ష్యం ముగిసిందనుకుని, "ఆమెన్," అన్నాడు. ఆ వెనువెంటనే గేటు దగ్గరనుంచి కామాక్షయ్య, "వెయ్యి," అన్నాడు.

అబద్ధం ఉన్నంతసేపూ నూట యాభై దాటని పాట నిజం బయటపడేసరికి పరుగు అందుకుంది. బెన్హర్ పన్నెండొందలు, కామాక్షయ్య పదిహేను, మళ్ళీ బెన్హర్ పద్దెనిమిది. పరంజ్యోతి కూర్చుని నేల చూస్తున్నాడు. బెన్హర్ రెండువేలకు వచ్చి గెలిచినట్టు నవ్వుతుండగా ఆడవాళ్ళ వైపునుంచి ఒక గొంతు నెమ్మదిగా పలికింది.

"మూడువేలు."

తిమోతి తడబడ్డాడు. "అక్కా, అది మీ ఇంటి వస్తువే గదా."

"ఇందాక మాది. ఇప్పుడు పాటది. కొట్టు," అంది అబిగయీలు.

కొట్టాడు. ఆమె మళ్ళీ తిరిగి ఇస్తుందేమోనని అయ్యగారు ప్రార్థనకు సగం లేచారు. అబిగయీలు డబ్బాను హ్యాండుబ్యాగులో పెట్టి జిప్పు లాగింది. అయ్యగారు కూర్చున్నారు.

ఇద్దరూ ఇంటికి నడిచారు. ఇంటికి కాస్త దూరంలో ఉండగా అబిగయీలు ఆగింది.

"మీరు చవకది కొన్నారని నేనెంత సంబరపడినానో తెలుసా? ఆయనే అంత పొదుపుగా ఉంటే నాకు కొత్త జారు ఎందుకులే అని మానుకుంటిని. మొన్న దుకాణందాకా పోయి కూడా వెనక్కొచ్చినా."

పరంజ్యోతికి తిట్టినా బాగుండేదనిపించింది. "నువ్వు ఆ గిన్నె పట్టుకోనుంటే చెప్పలేకపోయినా," అన్నాడు.

"నన్ను చూస్తే భయమా మీకు?"

"భయం కాదు. సిగ్గు."

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది. కోపం పూర్తిగా పోలేదు గాని కదిలింది. "జారు రేపు తెచ్చుకుంటా. మంచిదే తెచ్చుకుంటా. ఎంతని అడగబాకండి," అంది. "ఈ ప్లేయరు ఇంక నాది. మీకు చేప పడితే నన్ను పిలవండి, నేనొచ్చి కొక్కెం తీస్తా."

ఏదో మాటవరసకు అందనుకున్నాడు. వచ్చే ఆదివారం ఆమె గొడుగు, అన్నం క్యారియరు, హ్యాండుబ్యాగు పట్టుకుని నిజంగానే బయలుదేరింది. ఏటి గట్టున చాప పరుచుకుని, ప్లేయరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పడవ మీద పోతున్న కామాక్షయ్య తెడ్డు ఆపి మరీ చూశాడు. మధ్యాహ్నం ఇద్దరూ చింతకాయ పచ్చడి, గుడ్డు తిన్నారు. ఎప్పుడో మానేసిన కబుర్లు చెప్పుకున్నారు. పరంజ్యోతి గాలం సంగతే రెండుసార్లు మరిచిపోయాడు.

పొద్దు వాలేదాకా ఒక్క చేపా పడలేదు కాబట్టి, ఆ ప్లేయరు మంచిదో కాదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.