బ్రానక్ హెల్మెట్ మీద టార్విల్ కోడిపుంజు

మనిషి నుదుటి మీద ఏ పక్షి బొమ్మ ఉండవచ్చు, ఏ పక్షి బొమ్మ ఉండరాదు అన్న విషయంలో నాగరిక సమాజానికి నిశ్చితమైన నియమాలు ఉండి తీరాలి. ఆ నియమాలు లేనిచోట కుటుంబాలు నిలవవు, పట్టణాలు నిలవవు. పశ్చిమ పెన్సిల్వేనియాలో, నదికి ఈవలి గట్టునున్న బ్రానక్ పట్టణంలో ఇనుప సామాన్ల దుకాణం నడిపే లెనర్డ్ హ్రాబిక్ ఈ సత్యాన్ని ఎవరూ బోధించకుండానే గ్రహించినవాడు. ఆవలి గట్టునున్న టార్విల్ బడి వారి చిహ్నం ఎర్ర కోడిపుంజు. అందుచేత హ్రాబిక్ ఇంట్లో కోడిని వండడమే తప్ప ప్రస్తావించడం లేదు.

జూన్ మాసపు ఆ శనివారం ఉదయం లెనర్డ్ ప్రణాళిక నిరాడంబరమైనది. పాన్‌కేకులు తినడం, ట్రక్కు కడగడం, మధ్యాహ్నం స్టేడియంలో ఉత్తర దక్షిణాల పోటీ, అదే బంతిని చేత్తో విసిరే అమెరికా ఫుట్‌బాల్, చూడడం. కౌంటీలో ఆ ఏడు బడి చదువు ముగించిన కుర్రాళ్లలో మేటివారిని ఏరి, కౌంటీని అడ్డంగా రెండు ముక్కలు చేసి, ఏటా ఒక్కసారి ఆడిస్తారు. విధి పరిహాసం వల్ల బ్రానక్, టార్విల్ రెండూ దక్షిణంలోనే పడ్డాయి. నాలుగేళ్లపాటు ఒకరి పక్కటెముకలు ఒకరు లెక్కపెట్టుకున్న వీరులు ఆ ఒక్క రోజు ఒకే రంగు చొక్కా తొడుక్కుని ఒకే పక్షాన నిలబడతారు. చొక్కా ఉమ్మడిది, హెల్మెట్ మాత్రం ఎవరి బడిది వారిదే.

ఈసారి దక్షిణ సేనకు బంతి విసిరే నాయకుడు లెనర్డ్ కొడుకు క్రెయిగ్. ఆ ఆట చూడడానికి లెనర్డ్ తండ్రి స్టెఫాన్ వస్తున్నాడు. పెద్దాయన చలికాలమంతా ఆసుపత్రిలో గడిపి లేచినవాడు. "వచ్చే ఏటి సంగతి నాకు తెలీదురా. మనవణ్ణి బ్రానక్ బంగారు హెల్మెట్‌లో ఒక్కసారి చూసుకుంటే చాలు" అని ఆయన అన్నాడు. చూపిస్తానని లెనర్డ్ మాటిచ్చాడు. తన యవ్వనంలో ఇదే పోటీ ఆడిన స్టెఫాన్ టార్విల్ పేరు వినబడితే ఇప్పటికీ ఉమ్మివేయడానికి చోటు వెతుక్కుంటాడు.

వంటింటి బల్ల మీద కొడుకు హెల్మెట్ కనబడింది. దాని నిండా అతికించిన రకరకాల బడుల గుర్తులు: ఎలుగుబంటి, బాణం, బొగ్గు తట్ట. నట్టనడుమ, నుదుటి స్థానంలో, అరచేయంత ఎర్ర కోడిపుంజు.

"మార్లీన్, ఇదేమిటి?"

"హెల్మెట్" అంది భార్య, పాన్‌కేకు తిరగేస్తూ.

"దాని మీద ఏమిటని."

"స్టిక్కర్లు. ప్రాక్టీసు వారమంతా పిల్లలు మార్చుకుంటారుగా. ఎప్పట్నించో ఉన్నదే. నువ్వు మార్చుకోలేదూ?"

"నేను టార్విల్ వాడితో మార్చుకోలేదు."

"నీ ఏడు టార్విల్ నుంచి ఎవరూ ఎంపిక కాలేదు లెన్."

"అదే చెప్తున్నా. మంచి ఏడు అది. నాన్న ఇది చూస్తే ఏమవుతుందో తెలుసా?"

"అద్దాలు తుడుచుకుని మళ్లీ చూస్తారు. దాని జోలికి పోకు. వాడు లేచాక వాడినే అడుగు" అని చెప్పి మార్లీన్ స్టేడియంలో అమ్మే పిరోగీలు, అంటే బంగాళాదుంప కూరిన పిండి కుడుములు, ఉడికించడానికి చర్చి హాలుకు వెళ్లిపోయింది. క్రెయిగ్ ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లెనర్డ్ హెల్మెట్‌తో ఏకాంతంగా మిగిలాడు. చరిత్రలో పెద్ద అనర్థాలన్నీ ఇలాంటి ఏకాంతంలోనే మొదలయ్యాయి.

భార్య జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో ఆయన కోడిపుంజుకు వేడిగాలి పట్టించి, అంచు గోటితో లేపి, ఒక్క ఊపున లాగాడు. పుంజు వచ్చింది. దానితోపాటు బ్రానక్ తల్లిదండ్రుల సంఘం వారు ఈ వసంతంలో స్వహస్తాలతో పూసిన బంగారు రంగు కూడా వచ్చింది. అడుగున పాత నల్లరంగు బయటపడింది. తురాయి, తోక, పంజాతో సహా ఎర్ర పుంజు పోయిన చోట నల్ల పుంజు వెలసింది. మొదటి దానికన్నా రెండోదే ఠీవిగా ఉందని లెనర్డ్ సైతం ఒప్పుకోవలసి వచ్చింది.

వెనుకడుగు హ్రాబిక్ వంశంలో లేదు. ఆయన హెల్మెట్‌ను చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్లి, షట్టరు సగం దించి, థిన్నర్‌తో నుదుటిభాగం తుడిచి, తపాలా పెట్టెలకు వేసే బంగారు రంగు తీశాడు. ఫోను మోగింది. రెండు చేతులకూ రంగు కావడంతో ఎత్తలేదు. మళ్లీ మోగింది. మళ్లీ ఎత్తలేదు.

ఫోను చేసింది క్రెయిగ్. లేచి చూస్తే బల్ల మీద హెల్మెట్ లేదు, ఇంట్లో అమ్మ లేదు, దుకాణంలో నాన్న పలకడం లేదు. చేసేది లేక బ్రానక్ అభిమానుల సంఘం అధ్యక్షుడు గస్ పావ్లిక్‌కు చేశాడు. గస్ ఏ విషయంలోనూ రెండో ఆలోచన చేసే అలవాటు లేని మనిషి. మొదటి ఆలోచన కూడా తరచుగా మధ్యలోనే వదిలేస్తాడు. ఒకప్పుడు టార్విల్ వాళ్లు బ్రానక్ విజయఘంట నాలుక ఎత్తుకుపోయారు. ప్రతిగా బ్రానక్ వాళ్లు టార్విల్ నీళ్ల ట్యాంకుకు గులాబీ రంగు వేశారు. ఇంతటి చరిత్ర ఉండగా విచారణ దేనికి?

అరడజను ట్రక్కులు దుకాణం ముందు ఆగేసరికి లెనర్డ్ తడి హెల్మెట్‌ను పనిముట్ల పెట్టెలోకి తోసి మూత వేశాడు.

"గుండె దిటవు చేసుకో లెన్" అన్నాడు గస్. "నీ కొడుకు హెల్మెట్ ఎత్తుకుపోయారు."

"ఎవరు?"

"నదికి అటుపక్క ఎవరుంటారు, పెంగ్విన్లా?"

ఆ క్షణంలో పలకవలసిన వాక్యం చాలా చిన్నది. కానీ అది పలికితే హెల్మెట్ ఎందుకు తీశావంటారు. కోడిపుంజు సంగతి బయటపడుతుంది. గస్‌కు తెలిసింది తండ్రి చెవిన పడడానికి ఆట మొదలయ్యేదాకా కూడా పట్టదు. లెనర్డ్ పనిముట్ల పెట్టెను ట్రక్కు వెనక పెట్టి, "పద" అన్నాడు.

"నువ్వే ముందుండాలి. బాధితుడివి."

ఆ విధంగా పోయిన వస్తువును వెంటబెట్టుకుని, దాన్ని వెతికే దండుకు నాయకత్వం వహిస్తూ లెనర్డ్ హ్రాబిక్ వంతెన దాటాడు.

టార్విల్ బడి ముందు కోచ్ ఓర్విల్ డీకిన్ గొట్టంతో నీళ్లు కొడుతూ వారి చిహ్నాన్ని కడుగుతున్నాడు. చక్రాల బండి మీద నిలబెట్టిన ఫైబర్ పుంజు అది. తురాయి బడి కప్పును తాకుతుంది. ఆటల రోజున దాన్ని స్టేడియానికి లాక్కెళ్లడం ఆచారం.

"హెల్మెట్ ఇచ్చెయ్ ఓర్విల్" అన్నాడు గస్.

"ఏ హెల్మెట్?"

"ఏమీ ఎరగనట్టు. క్రెయిగ్‌ది. బంగారు రంగుది."

"ఆ రంగు చూస్తే మాకు తిన్నది అరగదు. దాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటామా? అయినా ఇవాళ ఆ కుర్రాడు మా వాళ్లకే బంతి విసరాలి కదయ్యా. వాణ్ణి ఆడకుండా చేస్తే ఉత్తరం వాళ్లు నెగ్గుతారు. మాకేం ఒరుగుతుంది?"

ఈ వాదం ఎంత సహేతుకమైనదంటే ఒక్కరూ దాన్ని లెక్కచేయలేదు.

"ఏమయ్యా లెనర్డ్, నువ్వేమంటావు? పోయింది నీ కొడుకుదేగా" అన్నాడు డీకిన్.

"గస్ అన్నదే" అని లెనర్డ్ గొణిగాడు. "ఇదేమిటి, థిన్నర్ వాసన" అని డీకిన్ ముక్కు ఎగబీల్చాడు. లెనర్డ్ గాలి వాలుకు అటుపక్కకు జరిగాడు.

"హెల్మెట్ తిరిగొచ్చేదాకా పుంజు మా దగ్గరుంటుంది" అని ప్రకటించి గస్ గొలుసు తీశాడు. బాధితుడి ట్రక్కుకే కట్టడం ధర్మమని అందరూ అన్నారు. అరచేయంత పుంజును తండ్రి కంటపడకుండా చేయడానికి బయలుదేరిన లెనర్డ్, ఇంటి కప్పంత పుంజును ట్రక్కుకు తగిలించుకుని బ్రానక్ ప్రధాన వీధిలో మెల్లగా ఊరేగించాడు. వెనక టార్విల్ కార్లు హారన్లు మోగిస్తూ వచ్చాయి. అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలు దీన్ని సంబరంగా భావించి చేతులూపారు. ఒకామె ముద్దు కూడా విసిరింది.

స్టేడియం గేటు దగ్గర రెండు పట్టణాలూ ముఖాముఖి నిలబడ్డాయి. ఉత్తరం వాళ్లు పిరోగీలు తింటూ ఈ అదనపు వినోదాన్ని తిలకించారు. లోపల రిఫరీ, హెల్మెట్ లేనివాడు మైదానంలో కాలు పెట్టరాదని తేల్చిచెప్పాడు. క్రెయిగ్ చొక్కా తొడుక్కుని, వట్టి తలతో, గీత అవతల నిలబడి ఉన్నాడు.

అప్పుడు డీకిన్ తమ సామాన్ల సంచిలోంచి అదనపు హెల్మెట్ ఒకటి తీశాడు. నెత్తుటి ఎరుపు. అటొక పుంజు, ఇటొక పుంజు. "మేం దొంగలం కాదని చెప్పడానికి. పెట్టుకో బాబూ. ఆడు" అన్నాడు.

లెనర్డ్ తల ఎత్తి పాత ఆటగాళ్లకు కేటాయించిన పై వరుస వైపు చూశాడు. ఎండ కళ్లల్లో పడి ఏ టోపీ తండ్రిదో తెలియలేదు. ఆయన ముందు రెండే దారులు మిగిలాయి: ఒకటి అవమానం, రెండోది కోడిపుంజు. వీరోచితంగా ఆయన అవమానాన్ని వరించాడు. పెట్టె మూత తీసి బంగారు హెల్మెట్ పైకెత్తాడు.

గస్ పెట్టెనూ హెల్మెట్‌నూ మార్చి మార్చి చూశాడు.

"అది నీ దగ్గరెలా ఉంది?" అన్నాడు గస్.

"పొద్దున్నుంచీ ఉంది."

"మనం టార్విల్ వెళ్లినప్పుడు?"

"ట్రక్కులో."

"నేను వాళ్లని దొంగలన్నప్పుడు?"

"అప్పుడూ ట్రక్కులోనే. నువ్వు దాని మీద మోచెయ్యి ఆనించి అన్నావు."

టార్విల్ వాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. బ్రానక్ వాళ్లు ఆపుకోవాలని చూసి ఓడిపోయారు. ఆ రెండు పట్టణాలూ ఒకే విషయానికి కలిసి నవ్వడం అదే మొదటిసారి. క్రెయిగ్ మాత్రం నవ్వకుండా, పుంజు లేని హెల్మెట్ నుదుటిని చూశాడు.

"ఆ స్టిక్కర్ డ్వేన్ ముల్కీది నాన్నా. నేనే అడిగి తీసుకున్నా" అని పక్కనున్న టార్విల్ బలశాలిని చూపించాడు. "నాలుగేళ్లూ నన్ను పడగొట్టింది వీడే. ఈ వారమంతా నా మీద ఎవడి చెయ్యీ పడకుండా కాసిందీ వీడే. అందుకే నుదుటి మీద పెట్టుకున్నా."

"రెండోదే కష్టం అండీ" అన్నాడు డ్వేన్ వినయంగా. "వీడు ఎటు పరిగెడతాడో వీడికే తెలీదు."

"ముందు ఇది పెట్టుకోరా. తాతయ్య చూస్తున్నాడు" అని లెనర్డ్ హెల్మెట్ చాపాడు.

కొడుకు చేయి చాచేలోపు రిఫరీ అందుకున్నాడు. నుదుటి మీద బొటనవేలు నొక్కాడు. వేలు బంగారమైంది. వాసన చూశాడు. "థిన్నర్ పెట్టారా?"

"కొంచెం."

"కొంచెమైనా పెంకు పెళుసెక్కుతుంది. దీనికి దెబ్బ తగిలితే పిల్లాడి తల నిలవదు. ఇది పెట్టుకుని ఆడనివ్వను."

క్రెయిగ్ ఎర్ర హెల్మెట్ తలకెక్కించుకుని గడ్డం పట్టీ బిగించుకున్నాడు. సరిగ్గా సరిపోయింది. ఒక్క పుంజును తొలగించడానికి పూనుకున్న తండ్రి శ్రమ ఫలితంగా, కొడుకు చెవికొక పుంజుతో రణరంగం ప్రవేశించాడు. లెనర్డ్ ఆ అవమానం నుంచి తప్పుకోకూడదని నిశ్చయించుకుని, కంచె పట్టుకుని, ఆట ముగిసేవరకూ కదలకుండా నిలబడ్డాడు. చివరి గడియలో డ్వేన్ ముల్కీ ఉత్తరం వాళ్లను ఇద్దరిని ఒకేసారి కూలదోశాడు. ఆ సందులోంచి బంతితో దూసుకుపోయి క్రెయిగ్ ఉత్తరం వాళ్ల చివరి గీత దాటాడు. చాలా ఏళ్ల తర్వాత దక్షిణం గెలిచింది. తాను కేకలు వేస్తూ గస్‌నూ డీకిన్‌నూ కలిపి కౌగిలించుకున్నానని లెనర్డ్‌కు తరవాత మార్లీన్ చెబితేగాని తెలియలేదు.

సంబరం చల్లబడ్డాక ఆయన తండ్రికి చెప్పవలసిన మాటలు కూర్చుకుంటూ పై వరుసకు మెట్లెక్కాడు. తండ్రి అక్కడ లేడు. మనవణ్ణి ఆ వేషంలో చూడలేక వెళ్లిపోయాడా, లేక చూసి ఆసుపత్రి పాలయ్యాడా అనుకుంటూ బయటికి పరుగెత్తాడు. స్టెఫాన్ చెట్టు నీడన తన పాత కారులో కూర్చుని పిరోగీలు తింటున్నాడు.

"నాన్నా, నువ్వు చూసిందానికి ఒక కారణం ఉంది" అని లెనర్డ్ మొదలుపెట్టాడు.

"మొనగాడురా వాడు" అన్నాడు ముసలాయన, కళ్లు తుడుచుకుంటూ. "ఆ చివరి పరుగులో బంగారు హెల్మెట్ ఎండకి ధగధగా మెరిసిపోయి ఉంటుంది."

మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తాయని ఆయన ఆట మొత్తం కారులోనే కూర్చుని రేడియోలో విన్నాడు.