మేనేజరుగారి పావుగంట

పదిన్నరకల్లా ఇంటర్నెట్ పంచే రౌటర్ పెట్టె సిద్ధం చెయ్యాలి, పదకొండింటికి దాన్ని కొనేవాళ్లకు చూపించాలి, మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి ఉద్యోగం పర్మనెంటయిందని చెప్పాలి. పళ్లు తోముకుంటూనే నిదానం వేసుకున్న పథకం ఇది. ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు, ఆఫీసువాళ్లు పెట్టింది.

"ఇవాళైనా కాస్త కాళ్లకు పని చెప్పవే" అంటూ అమ్మ గుమ్మందాకా తరిమింది.

పని రెండు ముక్కలు. రౌటర్ తనంతట తాను మరో కంప్యూటర్ను అడిగి టైము సరిచేసుకోవాలి. దాని ఆనుపానులన్నీ బ్రౌజర్లో ఒక పేజీలో కనబడాలి. పాస్‌వర్డ్ కొట్టి ఆ పేజీలోకి వెళ్లినవాళ్లు పది నిమిషాలు కదలకపోతే అది బయటికి గెంటేస్తుంది. ఈ రెంటినీ కలిపి చూపించగలిగితే నిదానానికి ఉద్యోగం ఉంటుంది; లేకపోతే ఆర్నెల్ల ముచ్చట ఈ రోజుతో సరి.

తీరా చూస్తే ఆ పూట ఇంటర్నెట్ లేదు. టైము అడగడానికి మిగిలింది మేనేజరుగారి కంప్యూటర్ ఒక్కటే. అది పావుగంట ముందుంటుందని ఆఫీసు గోడలక్కూడా తెలుసు. జనాన్ని పరిగెత్తించడానికి ఆయనే అలా పెట్టుకున్నారు. అందుకని నిదానం రౌటర్ సెట్టింగుల్లో పావుగంట తీసేసింది. పక్క సీటులో పరీక్షలు చేసే అక్క, ఈ పిల్లకు గుర్తుండదులే అని, ఇంకో పావుగంట తీసేసింది. మేనేజరుగారేమో బయటివాళ్ల ముందు పరువు పోకూడదని ఆ ఉదయమే తన గడియారాన్ని సరిచేసుకున్నారు. ముగ్గురూ ఎవరికీ చెప్పలేదు.

పదకొండింటికి కొనేవాళ్ల తరఫున ఒకావిడ వచ్చి కూర్చుంది. మేనేజరుగారు పెట్టె ఆన్ చేసి, పాస్‌వర్డ్ కొట్టి, "చూడండి మేడమ్" అన్నారో లేదో, రౌటర్ వెళ్లి టైము అడిగొచ్చింది. పదకొండు కాస్తా పదిన్నరయింది. ఇంకా రాని గంటలో ఇచ్చిన అనుమతి చెల్లదని పేజీ ఆయన్ను గెంటేసింది.

"ఏంటమ్మా ఇది?"

"సార్, ఒక్క నిమిషం..."

"నీ నిమిషాలు తర్వాత!"

ఆపి మళ్లీ ఆన్ చేశారు. మళ్లీ గెంటింది. తెర మీద పదిన్నర చూసి ఆయనకు ముచ్చెమటలు పోశాయి. తాను గడియారం సరిచేయడమే కొంప ముంచిందనుకుని, గదిలోకి ఉరికి, దాన్ని మునుపటిలా పావుగంట ముందుకు తోశారు. ఈలోగా అక్క పాస్‌వర్డ్ కొట్టి పేజీలోకి వెళ్లింది. రౌటర్లో టైము ఒక్క గెంతు గెంతింది. ఈవిడ పావుగంటగా కదల్లేదని పేజీ ఆమెనూ గెంటింది.

"సార్ పావుగంట నేను తీసేశాగా, ఇంకా ఏమైంది దీనికి?" అంది అక్క.

"అయ్యో, నేనూ తీశానక్కా!"

"మీరెందుకు తీశారు? నేను పొద్దున్నే సరిచేశాను!" తలుపు దగ్గర నుంచి మేనేజరుగారి కేక.

"చెప్తే కదా సార్ తెలిసేది!" అంది అక్క.

"ఎవరూ దేన్నీ ముట్టుకోకండి. మీరు కూడా, సార్" అంది నిదానం. ఆరు నెలల్లో ఆమె గొంతు లేవడం అదే మొదలు. నిమిషం ఆగింది. టైము కుదురుకున్నాక పేజీలోకి వెళ్లి, ఎవరు ఏం మార్చారో రాసి ఉండే భాగం దగ్గర ఆగింది. మొదటి వరుసలో ఉన్నది తన పేరే. తెరవకపోతే ఎవరికీ తెలియదు. అయినా తెరిచింది.

కొనడానికి వచ్చినావిడ కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదివింది. తీసిన పావుగంటలు రెండూ, మేనేజరుగారి గడియారం వేసిన గెంతూ అన్నీ పేర్లతో సహా ఉన్నాయి.

"మా దగ్గర తప్పు జరిగితే ఎవర్నడిగినా 'నేను కాదు' అంటారు. ఇది కన్నతల్లిని కూడా పట్టిచ్చిందే! నలభై పెట్టెలు పంపించండి. మీ ముగ్గురూ చెయ్యి పెట్టకముందే."

మేనేజరుగారు ఆనందం పట్టలేక అప్పటికప్పుడు తన కంప్యూటర్లోనే పర్మనెంటు కాగితం టైపు చేసి ఇచ్చారు. ఉద్యోగం ఆ కాగితం మీది టైము నుంచి ఖాయమని రాసి ఉంది. ఆ టైము పన్నెండుంబావు. గోడ గడియారంలో ఇంకా పన్నెండే కావడంతో, నిదానం మరో పావుగంట తాత్కాలికంగానే కూర్చుంది.