ఏసీ గొట్టంలో నెత్తురు

"నల్లమలలో ఆకు కదిలితే, ఏ వేలితో కదిపారో చెప్పగలవాణ్ణి నేను!"

2007 ఎండాకాలంలో మా మహేశ్వర్ చేసిన ప్రకటన ఇది. నంద్యాలలో జిరాక్స్ షాపు నడుపుతూ, బోర్డు మీద 'ప్రైవేట్ డిటెక్టివ్' అని కూడా రాయించుకున్న ఘనుడు. వినడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. పదేళ్లుగా నా ఖర్మ అదే.

అంతలో ఫోన్ మోగింది. కల్యాణ మండపం యజమాని రామేశ్వరమ్మ.

"మహేశ్వరప్పా, మా ఏసీ గొట్టంలో నెత్తురు! బిరీన రా!"

నా స్కూటర్ మీదే వెళ్లాం. ఏటా ఆళ్లగడ్డ నుంచి వచ్చి, ఆ గొట్టాల్లో దూరి దుమ్ము దులిపే బాలస్వామి ఓ మూల నిలబడి దగ్గుతున్నాడు. ఆయన్నే ఉంచుకోవాలా, శుభ్రం చేసే రోబో కొనాలా అన్నది రామేశ్వరమ్మ సాయంత్రంలోగా తేల్చాలి. కంపెనీవాళ్లు ఒకరోజు వాడి చూడమని ఇచ్చిన రోబోను ఆమే గొట్టంలోకి నడిపింది. దానికి తగిలించిన టీవీలో చూస్తే అంతా ఎరుపు! హడలిపోయి దాన్ని లోపలే ఆపేసింది.

"హత్య!" అన్నాడు మహేశ్వర్. "రోబో వస్తే కూడు పోయేది ఎవరికి? ఈ బాలస్వామికే! శవాన్ని అడ్డం పెట్టాడు!"

"ఏందప్పా నీ కత? ఇప్పుడే బస్సు దిగొస్తాండా. యాడ ఎవర్ని సంపితి?"

"హంతకులు కూడా బస్సులు దిగుతారు!"

వద్దంటున్నా వినకుండా, రెండో చివర మూత తీసి గొట్టంలోకి దూరాడు. కాసేపటికి లోపల్నుంచి కేక.

"ఇరుక్కున్నా!"

తర్వాత తుమ్ములు మొదలయ్యాయి. మూడో తుమ్ముకు తల వెళ్లి రోబోకు గుద్దుకుంది. టీవీలో ఎరుపు చెదిరిపోయి, మహేశ్వర్ ముక్కు నిండుగా కనిపించింది.

రామేశ్వరమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో నా మతిమండ! కొత్త మిషన్ గదా అని పొద్దున టెంకాయ కొట్టి బొట్టు పెడితి. అది నుదురనుకుంటి, కెమెరా అంట!"

"నేరం ఒప్పుకున్నారు!" గొట్టంలోంచి అరిచాడు మహేశ్వర్.

ఎవరూ పట్టించుకోలేదు.

"నెత్తురు లేదు, సరే. మరి నా సంగతేందమ్మా?" అన్నాడు బాలస్వామి. "ఇద్దరు బిడ్లు సదువుకుంటాండారు."

"పదేండ్లు దూరినోడివి, నువ్వే చెప్పప్పా. ఎప్పుడు మిషన్, ఎప్పుడు మనిషి?"

ఆయన గొట్టం రేకును వేలితో తట్టాడు.

"సన్న గొట్టంలో, దుమ్ము మందంగా ఉండేడ మిషనే పోవల్ల. ఆ దుమ్ము మింగీ మింగీ నాకీ దగ్గు పట్టె. రేకు చిల్లి పడిందా, బోల్టు వదులైందా చూసేదానికి మనిషి పోవల్ల. నేర్పిస్తే మిషన్ కూడా నేనే నడుపుతా."

రామేశ్వరమ్మ రిమోట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నెల జీతం మీద ఉండు. రెండూ నువ్వే చూసుకో."

బాలస్వామి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ప్రాణం లేచొచ్చింది.

"నన్నెవరన్నా లాగండయ్యా!"

"మరి ఇతనికి?" అడిగింది రామేశ్వరమ్మ. "మిషనా, మనిషా?"

బాలస్వామి కళ్లు తుడుచుకున్నాడు. "సన్న గొట్టం. మనిషి దూరేదానికి సందు లేదు. మిషనే అమ్మా."

మీట నొక్కాడు. బ్రష్ గిర్రున తిరిగింది. లోపల ఒకటే కితకితల నవ్వు! రోబో నెడుతుంటే ముందు కాళ్లు, తర్వాత బొజ్జ, చివరికి తళతళలాడే ముఖంతో మహేశ్వర్ బయటపడ్డాడు.

"హంతకుడు లేడని కనిపెట్టింది ఎవరు?" అంటూ స్కూటరెక్కాడు.