కొంగమ్మ మాటకు చప్పట్లు

ఒక పెద్ద అడవిలో అందరికీ అడవిభాషంటే ప్రాణం. పిల్లలను మాత్రం సముద్రం అవతలి భాష చెప్పే బడికి పంపేవాళ్లు.

సముద్రం అవతలి నుంచి ఏటా ఇర్మా అనే కొంగ వలస వచ్చేది. నిరుడు భాష రాక, కొమ్మ అడగడానికి నోరు పెగలక, చెరువు ఇసుకలోనే గుడ్లు పెట్టింది. ముంగిసలు ఒక్కటీ మిగల్చలేదు. ఆ కడుపుకోత దిగమింగుకుని, ఈసారి ముందే వచ్చి అడవిభాష నేర్చుకుంది.

నేర్పింది భాషా రక్షణ సమితి అధ్యక్షుడు, నక్క వాచస్పతి. సమితి ఎన్నికలు దగ్గరపడ్డాయి మరి. పరాయి పక్షి చేత మన భాష పలికించానంటే ఓట్లు వాటంతటవే రాలతాయి.

సభ పెట్టారు. ఇర్మా వేదికెక్కింది.

"అందరికీ నమస్కారం. నేను తొందరలో గుడ్లు పెట్టాలి. నాకొక కొమ్మ కావాలి."

చప్పట్లతో సభ దద్దరిల్లింది.

"ఎంత ముద్దుగా పలికిందో!" అని ఒక జింక కళ్లు ఒత్తుకుంది. "మావాడికైతే ఒక్క ముక్క రాదు."

అది సిగ్గుపడి చెప్పిందో, గొప్పకు చెప్పిందో ఇర్మాకు తెలియలేదు. వాచస్పతి శాలువా కప్పాడు. కొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఇర్మా చెట్లు కేటాయించే ఆఫీసుకు వెళ్లింది. అక్కడి అధికారి ఎలుగుబంటి దండపాణి. ఆమె నోరు తెరవగానే మురిసిపోయాడు.

"ఏదీ, ఇంకోసారి అనమ్మా! ఉండుండు, మా ఆవిణ్ణి పిలుస్తా."

ఆవిడ వచ్చింది, పిల్లలు వచ్చారు. 'గుమ్మడికాయ' అనమన్నారు. అంది. పడీపడీ నవ్వారు.

"అయ్యా, నా కొమ్మ..."

"చూద్దాంలేమ్మా. రేపు రా, మా బావమరిది కూడా ఉంటాడు."

అదే గుమ్మంలో పక్క కొండ నుంచి వచ్చిన ముసలి కాకి కూడా కొమ్మ కోసం నిలబడి ఉంది. అడిగింది అడవిభాషలోనే, కాస్త కొండయాసతో. "ముందు సరిగ్గా మాట్లాడటం నేర్చుకో, పో!" అని దండపాణి కసిరి పంపాడు. వచ్చీరాని తన పలుకులకు శాలువా, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మాట్లాడుతున్న కాకికి చీవాట్లు! ఇర్మాకు ఒళ్లు మండిపోయింది.

రేపులన్నీ అయిపోయాయి. గుడ్లు ఇవాళో రేపో అన్నట్టున్నాయి. మళ్లీ ఆ ఇసుకే గతేమోనని ఇర్మా కాకి దగ్గర వాపోయింది. కాకికి జాలేసింది.

"నీకు మా బాస ఒచ్చుడే తప్పయింది బిడ్డా. మీ బాసల గట్టిగ అరువు. ఎట్ల ఉరికొస్తరో సూడు."

ఇర్మా తిన్నగా వెళ్లి దండపాణి బల్ల మీదెక్కింది. అతని తాతముత్తాతలను, ఒంటి మీది బొచ్చును కలిపి, తన సొంత భాషలో నోరారా తిట్టింది.

దండపాణి గభాలున లేచి నిలబడ్డాడు. "మేడమ్! కూర్చోండి మేడమ్!" మొన్న గుమ్మడికాయ అన్నది ఈవిడేనని అతనికి తట్టనే లేదు. హడావుడిగా వాచస్పతిని పిలిపించాడు. "ఏమంటున్నారండీ?"

వాచస్పతికి ఆ భాషలో ఓనమాలు కూడా రావు. వస్తుందని ఏళ్ల తరబడి చెప్పుకు తిరుగుతున్నాడు కనుక ఇప్పుడు రాదనలేడు.

"మన అడవిని మెచ్చుకుంటున్నారు," అన్నాడు గొంతు సవరించుకుని. "అడవిలోకెల్లా గొప్ప చెట్టు ఇస్తే సంతోషిస్తారట."

"గొప్ప చెట్టంటే మీ సమితి ఆఫీసున్నదే కదా! ఇచ్చేశాం మేడమ్!"

వాచస్పతి నోరు తెరిచాడు. అబద్ధమాడానని ఒప్పుకోవాలి, లేదా చెట్టు వదులుకోవాలి. నోరు మూసుకున్నాడు. సాయంత్రానికి సమితి బోర్డు కింద పడింది. ఆఫీసు కాపాడలేనివాడు భాషనేం కాపాడతాడని ఎన్నికల్లో ఓట్లు కూడా పడలేదు.

ఇర్మా పైకొమ్మలో గుడ్లు పెట్టింది. కిందికొమ్మ కాకికి ఇచ్చింది. ఇద్దరూ సాయంత్రాలు అడవిభాషలో హాయిగా కబుర్లాడుకునేవారు. ఎవరైనా అటు వస్తే చటుక్కున ఆపేసేవారు.

నీతి: అడవిభాష నేర్చుకుంటే చప్పట్లు దక్కుతాయి, గూడు కావాలంటే మాత్రం రానట్టే ఉండాలి.