ఎదురొస్తే ఆగే కారు

వీరభద్రంగారి పాత కారు నడిరోడ్డు మీద ఆగిపోవడానికి కారణం ఇంజన్లో లేదనీ, ఎదురుగా వచ్చే ఆడవాళ్ళ నుదుటి మీద ఉందనీ మెకానిక్ నిజాముద్దీన్ బుధవారం మధ్యాహ్నం కనిపెట్టాడు. బొట్టు లేని మనిషి ఎదురొస్తే కారు ఆగుతోంది. ఆవిడ దాటిపోయాక, మనిషి గ్లాసుడు మంచినీళ్ళు తాగేటంత సేపు ఊరుకుని, తాళం తిప్పగానే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతోంది.

అతను ఈ నిర్ణయానికి తొందరపడి రాలేదు. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే జబ్బు, మనిషిదైనా బండిదైనా, పట్టుబడదు. పెట్రోల్ పంపు మార్చాడు. కాయిల్ మార్చాడు. వేడెక్కితే మొండికేసే సెన్సర్ ఒకటి ఉంటుంది, అదీ మార్చాడు. బ్యాటరీ తీగలు విప్పి గీకి బిగించాడు. షెడ్డులో రోజంతా ఇంజన్ ఆడుతూనే ఉంది. షెడ్డుకి ఆడవాళ్ళు రారన్న సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

ఆ కారు వీరభద్రంగారి కూతురు హైమకి కావాలి. కిందటేడు భర్త పోయాక పుట్టింటికి వచ్చిన హైమ, తండ్రి వాడకం మానేసిన కారుకి కిరాయి బళ్ళ పసుపు ప్లేటు వేయించి, ఊళ్ళో పిల్లల్ని బడికి తిప్పుతోంది. ఆమె వీధి గుమ్మం దాటడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్న పని అదొక్కటే. పోయిన వారం పిల్లలందరూ లోపలుండగా కారు రైలు పట్టాల మీద ఆగింది. అవతలి పక్క గేట్‌మన్ తల్లి మేకల్ని తోలుకుంటూ ఎదురొచ్చిందట. గేట్‌మన్ వచ్చి తోశాడు. శుక్రవారం సాయంత్రంలోగా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి, బండి రోడ్డుకి పనికొస్తుందనే ఎఫ్‌సీ తెచ్చి చూపించకపోతే పిల్లల్ని వేరేవాళ్ళకి అప్పజెబుతామని బడివాళ్ళు చెప్పారు.

అందుకే బుధవారం నిజాముద్దీన్ షెడ్డు మూసేసి, హైమని నడపమని పక్కన కూర్చున్నాడు. కాలవ లాకుల దగ్గర తోటకూర గంపతో నూకాలమ్మ ఎదురొచ్చింది. కారు ఆగింది. నిజాముద్దీన్ దిగి బానెట్ ఎత్తబోతే నూకాలమ్మ గంప దించకుండానే అంది.

"దాన్నేం కెలక్కు బాబూ. నన్ను చూసి బళ్ళాగడం ఇయ్యాల్టిదా? మనుషులూ ఆగుతారు. నే నెళ్ళిపోతే అదే పోద్ది."

ఆమె వెళ్ళిపోయింది. కారు స్టార్టయింది.

సంతగేటు దగ్గర రిటైరైన టీచరమ్మ ఎదురొచ్చింది. ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. కానీ ఆవిడ ఎవరి మాటా వినక రూపాయంత బొట్టు పెట్టుకుంటుంది. కారు ఆగలేదు. పైగా కాస్త వేగం పుంజుకుందని నిజాముద్దీన్‌కి అనిపించింది. మసీదు సందు మలుపులో అతని భార్య రజియా పాల ప్యాకెట్లతో ఎదురొచ్చింది. కారు ఠక్కున ఆగిపోయింది. నిజాముద్దీన్ కిటికీలోంచి తల బయటికి పెట్టి, తర్వాత లోపలికి తీసుకున్నాడు.

"నేను బతికే ఉన్నాను గదమ్మా. దీనికేం రోగం?"

"అది నిన్ను చూళ్ళేదన్నయ్యా. వదిన నుదురు చూసింది" అంది హైమ.

ఆ సాయంత్రం నిజాముద్దీన్ సంగతంతా వీరభద్రంగారికి విన్నవించాడు. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటూ విని, అది కంపెనీ లోపం అయ్యుంటుందన్నారు. ఇలాంటివి కంపెనీవాడు నేర్పి పంపడు గదండీ అన్నాడు నిజాముద్దీన్. వీరభద్రంగారు పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

శుక్రవారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సుదర్శనరావు ఈ ఫిర్యాదు విని ఆశ్చర్యపోలేదు. ఏళ్ళ తరబడి ఒకే చేతిలో నడిచిన బళ్ళకి ఇది మామూలేనని చెప్పాడు. పిల్లి అడ్డొస్తే ఇంటికి తిరిగిపోయే ఆటోలకి ఆయన ఆ వారంలోనే ఎఫ్‌సీ ఇచ్చాడు. మంగళవారం కదలని జీపు ఒకటి ఆఫీసు వెనకాలే ఉండిపోతే, బుధవారం తీసుకెళ్ళారు. పరీక్ష పత్రంలో బ్రేకులు, లైట్లు, పొగ తర్వాత 'ఎదురు' అని ఒక గడి ఉంది. ఆ గడి నింపాలంటే బండికి ఎదురుగా 'సంబంధిత మహిళ' నిలబడాలి. అసలు మాట వాడొద్దని పైనుంచి ఉత్తర్వు ఉంది. ఆఫీసులో మగవాళ్ళు ఒకర్నొకరు తిట్టుకునే మాట కూడా అదే కావడంతో ఫైళ్ళలో అయోమయం వస్తోందట.

మామూలుగా ఆ పని ఊడ్చే మనిషి చేస్తుంది. ఆమె సెలవులో ఉంది. హైమ తనే నిలబడతానంది.

మైదానం మధ్యలో ఆమె నిలబడింది. సుదర్శనరావు కారెక్కి, పత్రంలో చెప్పిన వేగంతో ఆమె మీదికి పోనిచ్చాడు. నిబంధన ప్రకారం బ్రేకు మీద కాలు పెట్టకూడదు. కారు ఆమె మోకాళ్ళకి చేయి పట్టేంత దూరంలో దానంతటదే ఆగింది. బానెట్ కిందనుంచి సన్నగా, ఎవరో ఊపిరి బిగబట్టినట్టు చప్పుడొచ్చింది.

"కాస్త పక్కకి తప్పుకోండమ్మా" అన్నాడు సుదర్శనరావు మర్యాదగా.

హైమ తప్పుకుంది. కారు కదిలింది. ఆయన గడిలో 'ఉంది' అని రాశాడు.

దీనికి విరుగుడు కూడా ఆ ఆఫీసులో ఎరిగినదే. గుమాస్తా లోపలికెళ్ళి, ఆడ ఉద్యోగులు చేతులు కడుక్కునే చోట అద్దానికి అంటించి వదిలేసిన స్టిక్కర్ బొట్టు ఒకటి గోటితో లేపి తెచ్చాడు. దాన్ని కారు ముందద్దం మధ్యలో అతికించాడు. ఇక కారుకి కనిపించే ప్రతి నుదుటికీ బొట్టు ఉన్నట్టే. హైమ మళ్ళీ నిలబడింది. ఈసారి కారు ఆగలేదు. సుదర్శనరావే గబుక్కున బ్రేకు తొక్కాల్సి వచ్చింది. పరీక్ష నెగ్గినట్టు అందరూ సంతోషించారు. ఇలా నెగ్గిన బండికి ఎదురుగా నడిచేటప్పుడు సంబంధిత మహిళలే జాగ్రత్తగా ఉండాలని గుమాస్తా చెప్పాడు.

ఒక్కటే మిగిలింది. బండికి ఈ అలవాటు నేర్పిందెవరో వారి నోటితో చెప్పించి పత్రానికి జతచేయాలి. నేర్పినవారు లేకపోతే అలవాటు బండిదే అవుతుంది. అలాంటి బండిని తుక్కుకి పంపాలి. ఆఫీసు మూసే వేళవుతోంది. గుమాస్తా కలం పట్టుకుని కూర్చున్నాడు.

బండి తన పేరున ఉన్నందుకు వెంట వచ్చిన వీరభద్రంగారు వరండాలో బల్ల మీదనుంచి లేవలేదు. రోడ్లు బాగాలేవన్నారు. పెట్రోల్లో కల్తీ ఉందన్నారు. డ్రైవరెవరైనా చేసి ఉంటాడన్నారు. ఏ డ్రైవరండీ అని గుమాస్తా అడిగితే, ఆ కారుని తాను తప్ప ఎవరూ నడపలేదని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. హైమ తండ్రి వైపు చూడలేదు. మైదానంలో కారు పక్కన నిలబడి, తలుపు పిడి పట్టుకుని ఉంది. వదిలితే తీసుకుపోతారన్నట్టు. ఆయన చాలాసేపు ఆ చేతినే చూశారు. తర్వాత గుమాస్తా వైపు తిరిగారు.

"రాసుకో బాబూ. నేర్పింది నేనే. బండి కొన్న రోజు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి బయటికి తెస్తున్నాను. మా అమ్మ గేటు తీసింది. నాన్న పోయి అప్పటికి ఏడాది. కొత్త బండి కదా, సంబరంగా ఎదురొచ్చింది. నేను ఇంజన్ ఆపేశాను. తిట్టలేదు, ఒక్క మాటన్లేదు. ఆపి, లోపలికెళ్ళి, కాసిని మంచినీళ్ళు తాగొచ్చాను. వచ్చేసరికి అమ్మ గేటు దగ్గర లేదు. ఆ తర్వాత తాళాల చప్పుడు వినపడితే చాలు, తనే గది తలుపేసుకునేది. పోయేదాకా ఆ బండెక్కలేదు. రోడ్డు మీదా అంతే, ఎవరెదురొచ్చినా ఆపేవాణ్ణి. పోగా పోగా నేను తాళం మీద చెయ్యేసే లోపే అదే ఆగేది. చెప్పకుండానే తెలుసుకుంటోంది, బుద్ధిమంతురాలు అని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఇంకోటుంది, అదీ రాయి. బండికి బొట్టు పెట్టారు, నడిచింది, బాగుంది. ఇవాళ పొద్దున నేను గుమ్మం దిగుతుంటే మా హైమ ముగ్గు గిన్నెతో ఎదురొచ్చింది. నా కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆపలేదు బాబూ, ఒట్టు. వాటంతటవే ఆగాయి. పిల్ల నా మొహం చూసింది. చూసి, పక్కకి తప్పుకుంది. అప్పుడు నడిచాను."